పరగడుపున గలిజేరు రసం: మూత్రపిండాల జబ్బున్నవారికి ఇవ్వవచ్చునా?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ నాన్నగారి వయసు 62 ఏళ్లు. చాలాకాలంగా మధుమేహం, రక్తపోటు ఉన్నాయి. ఇటీవలి పరీక్షలో క్రియాటినిన్ (మూత్రపిండాలు బయటికి పంపవలసిన వ్యర్థం) 3.8, పొటాషియం 5.4 వచ్చాయి. రక్తపోటుకు టెల్మిసార్టాన్ వాడుతున్నారు. పొలం గట్ల మీద దొరికే తెల్ల గలిజేరు ఆకు రసాన్ని రోజూ పరగడుపున తాగితే డయాలసిస్ అవసరమే రాదని బంధువులు చెప్పగా నాలుగు రోజులుగా ఇస్తున్నారు. ఆయుర్వేదంలో వాపులకు వాడే పునర్నవ అంటే ఈ మొక్కేనా, ఎంతకాలం ఇవ్వాలి, ఇస్తున్నంతకాలం మాత్రలు ఆపవచ్చునా అన్నవి మీ సందేహాలు.

చివరి సందేహానికే ముందు సమాధానం చెప్పాలి. మాత్రలు ఆపవద్దు, రసం మాత్రం ఈ రోజే ఆపండి. రేపు ఉదయమే రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ మళ్లీ పరీక్ష చేయించి, వీలైతే అదే పూట ఈసీజీ కూడా తీయించి, ఆ కాగితాలతో మూత్రపిండాల వైద్యుడిని (నెఫ్రాలజిస్టును) కలిసి రసం సంగతి దాచకుండా చెప్పండి. కాళ్లూ చేతులూ పట్టు తప్పుతున్నట్టు ఉన్నా, గుండె లయ తప్పినట్టు అనిపించినా, ఆయాసం వచ్చినా రేపటిదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. నేను మందు మొక్కల గుణాలను చెప్పే ద్రవ్యగుణ శాస్త్రం చదువుకుని, విద్యార్థులకు బోధించి, పునర్నవను ఎందరో రోగులకు ఇచ్చిన ఆయుర్వేద వైద్యుడిని. ఆ మొక్క విలువ తెలిసినవాడిగానే, మీ నాన్నగారు ఇప్పుడున్న స్థితిలో దాని పచ్చి రసం ఆయనకు తగదని చెబుతున్నాను. కారణాలను వివరంగా రాస్తున్నాను. ఇదే సందేహంతో ఉన్న మరికొన్ని కుటుంబాలకు కూడా ఉపయోగపడవచ్చు.

మొదట మొక్క సంగతి. కాడ నీరు పట్టినట్టు దళసరిగా ఉంటుందని, ఆకు కొస గుండ్రంగా ఉంటుందని, చిన్న తెల్లని పువ్వు ఆకు మొదట్లోనే అతుక్కుని ఉంటుందని మీరు రాశారు. ఆ లక్షణాలు ట్రైయాంథెమా పోర్టులకాస్ట్రమ్ అనే మొక్కవి. తెలుగునాట దీనిని గలిజేరు, తెల్ల గలిజేరు, అంబటిమాడు అంటారు. జహీరాబాదు ప్రాంతంలో తెల్ల గర్జెల కూర అంటారు. భారత ఆయుర్వేద ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణ గ్రంథం, రక్త (ఎర్ర) పునర్నవగా నిర్ధారించినది ఇది కాదు, బోయర్హావియా డిఫ్యూసా అనే వేరొక మొక్క. మనవారు దానిని అటికమామిడి అని, ఎర్ర గలిజేరు అని పిలుస్తారు. రెండూ వానలు పడగానే నేల మీద పాకుతూ అల్లుకుంటాయి. రెండింటి ఆకులూ జంటలుగా, జంటలో ఒకటి పెద్దదిగా ఒకటి చిన్నదిగా వస్తాయి. ఈ పోలిక వల్లనే ఒకదానికి బదులు మరొకటి మందుల అంగళ్లలోకి చేరుతూ వచ్చింది. వృక్షశాస్త్రం ప్రకారం వీటి కుటుంబాలే వేరు. గలిజేరు ఐజోయేసీ కుటుంబానికి చెందింది. అటికమామిడి నిక్టాజినేసీ కుటుంబంలోది, అంటే కాగితపు పూల చెట్టుకూ చంద్రకాంత మొక్కకూ దగ్గరి చుట్టం.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. అయితే ఆకును మాత్రమే చూడకుండా మొక్క మొత్తాన్ని చూడాలి. అటికమామిడి కాడ సన్నగా, కొంచెం గట్టిగా, కణుపుల దగ్గర ఉబ్బెత్తుగా, తరచుగా ఊదా రంగు చారలతో ఉంటుంది. ఆకును తిప్పి చూస్తే అడుగు భాగం పాలిపోయి తెల్లగా కనిపిస్తుంది. అంచు కొద్దిగా అలలు తేలినట్టు ఉంటుంది. పూలు ఆకుకు అతుక్కుని ఉండవు. సన్నని రెమ్మల కొసన చిన్న చిన్న గుత్తులుగా, గులాబీకీ ఊదాకూ మధ్య రంగులో పూస్తాయి. కాయలకు నిలువు పలకలూ జిగురూ ఉండటం చేత పంచె అంచుకో చీర కుచ్చిళ్లకో అంటుకుని ఇంటిదాకా వస్తాయి. తవ్వి చూస్తే లావుపాటి వేరు లోతుగా దిగి ఉంటుంది. ఎండాకాలంలో పైమొక్క ఎండిపోయినా ఆ వేరు బతికే ఉండి తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. వైద్యంలో ప్రధానంగా వాడేది ఆ వేరునే. గలిజేరు ఇందుకు భిన్నం. కాడను విరిస్తే నీరు ఊరుతుంది. ఆకు తొడిమ మొదలు పలచని పొరతో చిన్న సంచిలా మారి పువ్వునూ ఆ తరువాత కాయనూ దాచుకుంటుంది. పువ్వు ఒక్కొక్కటిగా, రోజులో కొన్ని గంటలు మాత్రమే విచ్చుకుంటుంది. కాయ పైభాగం మూతలాగా ఊడి నల్లని గింజలు రాలుతాయి. వేరు సన్నగా ఉంటుంది. గింజ రాల్చాక మొక్క చచ్చిపోతుంది, మళ్లీ గింజ నుంచే పుట్టాలి.

ఇక్కడ చాలామంది పొరబడేది రంగు దగ్గర. పువ్వు తెల్లగా ఉంటే తెల్ల గలిజేరు, ఎర్రగా ఉంటే ఎర్ర గలిజేరు అని అనుకుంటారు. కాని ట్రైయాంథెమా జాతిలోనే తెల్లని పూలతో ఆకుపచ్చ కాడ ఉన్న రూపమూ, గులాబీ పూలతో ఎర్రని కాడ ఉన్న రూపమూ ఉన్నాయి. రెండవ రూపాన్ని చూసి ఇదే పునర్నవ అని తెచ్చుకునేవారు ఎందరో. మరోవైపు అటికమామిడికి దగ్గరి బంధువైన బోయర్హావియా ఎరెక్టా నేల మీద పాకకుండా నిటారుగా పెరిగి, తెల్లని లేదా లేత గులాబీ పూలు పూస్తుంది; దానిని కూడా కొందరు తెల్ల గలిజేరు అనే అంటారు. ఇక గంగపాయల కూర కూడా దళసరి ఆకులతో పాకుతుంది కనుక, పువ్వు లేని లేత మొక్కలను గలిజేరుగా భ్రమించడం అరుదేమీ కాదు. పూత వచ్చాక దాని పూలు పసుపు రంగులో ఉంటాయి కనుక తేడా తెలిసిపోతుంది. అందువల్ల వేరు, ఆకు అడుగు భాగం, పువ్వు అమరిక అనే మూడింటినీ చూడనిదే పేరు పెట్టకూడదని విద్యార్థులకు ఎప్పుడూ చెప్పేవాడిని.

తెల్ల గలిజేరే అసలైన పునర్నవ అనీ, పూర్వులు చెప్పినది దీని గురించేననీ బంధువులు మీతో అన్నారని రాశారు. శాస్త్ర గ్రంథాలు అంత సూటిగా లేవు. చరక సంహిత సూత్రస్థానం 4వ అధ్యాయంలో 50 మహాకషాయాలను, అంటే పనిని బట్టి కూర్చిన మందుల గణాలను, చెప్పారు. వాటిలో చెమట పట్టించడానికి తోడ్పడే స్వేదోపగ గణంలోనూ, దగ్గును తగ్గించే కాసహర గణంలోనూ వృశ్చీరం, పునర్నవ అని రెండు పేర్లు పక్కపక్కనే వస్తాయి. ఒకే మొక్కకు రెండు పేర్లు ఒకే జాబితాలో చెప్పరు కదా. అంటే ఆ కాలానికే ఇవి వేర్వేరు ద్రవ్యాలు. వార్ధక్యాన్ని నిలువరించే వయఃస్థాపన గణంలో పునర్నవ మాత్రమే ఉంది. 16వ శతాబ్దానికి చెందిన భావప్రకాశ నిఘంటువు శ్వేత (తెల్ల) పునర్నవను, రక్త పునర్నవను విడివిడిగా వర్ణించింది. రక్త పునర్నవ బోయర్హావియా డిఫ్యూసా అనే విషయంలో ఏకాభిప్రాయం ఉంది. శ్వేత పునర్నవ ఏది అన్నప్పుడు కొందరు పండితులు గలిజేరును చూపిస్తే, మరికొందరు బోయర్హావియాలోనే మరొక జాతిని చూపిస్తారు. ఇంతటి చర్చ ఉన్న చోట ఒక మొక్కను చూపించి ప్రాణాంతకమైన జబ్బుకు ఇదే మందు అని ధీమాగా చెప్పడం శాస్త్రానికి కూడా న్యాయం చేయదు.

మరి పునర్నవను పూర్వులు దేనికి వాడారు? ముఖ్యంగా శోథానికి, అంటే ఒంట్లో నీరు చేరి వాపు రావడానికి. ఒళ్లు పాలిపోయే పాండు రోగంలో, దగ్గులో, గుండె జబ్బుతో వచ్చే వాపులో, కాలేయం చెడి పొట్ట ఉబ్బినప్పుడు కూడా దీని యోగాలు ఉన్నాయి. క్రియాటినిన్ అనే కొలత ఆ కాలంలో లేదు. వారు చూసినది వాపును, మూత్రం జారీని, ఆకలిని, బలాన్ని. ఆ యోగాలలో పునర్నవ ఒంటరిగా ఉండటం కూడా తక్కువే. పునర్నవాష్టక కషాయాన్నే తీసుకుంటే పునర్నవతో పాటు వేప, చేదు పొట్ల, శొంఠి, కటుకరోహిణి, తిప్పతీగ, మానుపసుపు, కరక్కాయ కలిసి ఎనిమిది ద్రవ్యాలు ఉంటాయి. రోగి బలం, అగ్ని (జీర్ణశక్తి), జబ్బు దశ చూసి వైద్యుడు మోతాదు నిర్ణయించేవాడు. పథ్యం అంతకన్నా కఠినంగా ఉండేది. చరక చికిత్సాస్థానంలోని శ్వయథు అధ్యాయం వాపు ఉన్నవారికి పెరుగు, పులుపు, మద్యం, ఎండబెట్టిన కూరలు, కొత్త ధాన్యం వంటివాటిని నిషేధించింది. ఈ కట్టుబాట్లన్నిటినీ పక్కన పెట్టి, ఒక ఆకును మిక్సీలో రుబ్బి గ్లాసుడు రసం తాగడాన్ని ఆయుర్వేద చికిత్స అనలేము.

పునర్నవకు మూత్రాన్ని జారీ చేసే గుణం ఉన్నదని ఆధునిక పరిశోధకులూ గమనించారు. స్వాతంత్ర్యానికి పూర్వమే కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో రాంనాథ్ చోప్రా బృందం ఈ మొక్కను పరీక్షించింది. అందులో పునర్నవిన్ అనే ఆల్కలాయిడ్‌తో పాటు పొటాషియం లవణాలు, ముఖ్యంగా పొటాషియం నైట్రేట్, గణనీయంగా ఉన్నట్టు తేలింది. మూత్రం ఎక్కువగా రావడంలో ఆ లవణాలకూ వాటా ఉందని భావించారు. మూత్రపిండాలు బాగా పనిచేసే మనిషిలో వాపు తగ్గడానికి సాయపడే ఈ గుణమే మీ నాన్నగారి విషయంలో అపాయంగా మారుతుంది.

అది ఎలాగో చెబుతాను, ఎందుకంటే మొత్తం విషయంలో ముఖ్యమైన భాగం ఇదే. మనం రోజూ తిండి ద్వారా తీసుకునే పొటాషియంలో దాదాపు 90 శాతాన్ని మూత్రపిండాలే బయటికి పంపుతాయి. రక్తంలో అది 3.5 నుంచి 5.0 మధ్య ఉండాలి. 6 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. ఇంకా పెరిగితే ముందస్తు హెచ్చరిక లేకుండానే గుండె ఆగిపోవచ్చు. మీ నాన్నగారి వయసుకు, 3.8 క్రియాటినిన్‌కు లెక్క కడితే మూత్రపిండాల వడపోత శక్తి, అంటే ఈజీఎఫ్ఆర్, 17 ప్రాంతంలో ఉంటుంది. ఇది నాలుగవ దశ. ఈ దశలో పొటాషియంను పంపే శక్తి సహజంగానే తగ్గి ఉంటుంది. దీర్ఘకాల మధుమేహం ఆ శక్తిని మరికొంత తగ్గిస్తుంది. టెల్మిసార్టాన్ మూత్రపిండాలను కాపాడే మంచి మందే అయినా పొటాషియంను కొంత పెంచుతుంది. లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్, స్పైరనోలాక్టోన్ వాడేవారికీ ఇదే వర్తిస్తుంది. ఈ మూడు కారణాలూ ఒకే మనిషిలో ఉండి, రసం మొదలుపెట్టక ముందే పొటాషియం 5.4 ఉన్నది. ఆకుకూరలలో సాధారణంగా 100 గ్రాములకు కొన్ని వందల మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. గ్లాసుడు రసానికి పెద్ద కట్టెడు ఆకు పడుతుంది. ఉడికించి నీరు వార్చే అవకాశమే లేకుండా అందులోని పొటాషియం యావత్తూ ఖాళీ కడుపులోకి ఒక్కసారిగా వెళుతుంది. రసం ఈ రోజే ఆపమని అంత గట్టిగా చెప్పడానికి కారణం ఇది.

రెండవ ప్రమాదం ఆక్సలేట్, అంటే కాల్షియంతో కలిసి స్ఫటికాలుగా మారే ఒక లవణం. గలిజేరులోనూ గంగపాయలలోనూ ఇది అధికంగా ఉంటుంది. ఆస్ట్రేలియాలో మేత కరువైన చోట గలిజేరును విపరీతంగా మేసిన పశువులు ఆక్సలేట్, నైట్రేట్ విషప్రభావానికి గురైన సంగతి అక్కడి పశువైద్యులకు బాగా తెలుసు. మనుషులలో, మూత్రపిండాలు బాగా ఉన్నవారికి అప్పుడప్పుడు పప్పులో వేసుకున్న గలిజేరు వల్ల ఏమీ కాదు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో మాత్రం బయటికి పోవలసిన ఆక్సలేట్ అక్కడే స్ఫటికాలుగా పేరుకుపోయి, మిగిలి ఉన్న కాస్త శక్తినీ హరించగలదు. ఆకుకూరల పచ్చి రసాలు రోజూ పెద్ద మోతాదులో తాగి మూత్రపిండాలు పాడైనవారి ఉదంతాలు వైద్య పత్రికలలో ఉన్నాయి. స్టార్ ఫ్రూట్ అనే పండు విషయంలోనూ ఇదే జరిగింది. మీ నాన్నగారి క్రియాటినిన్‌ను తగ్గించడానికని ఇచ్చిన రసం దానిని పెంచే అవకాశమే ఎక్కువ.

పేర్లు తారుమారైతే ఏమవుతుందో చెప్పే ఒక ఉదంతాన్ని ఇక్కడ తప్పక ప్రస్తావించాలి. 1990ల ఆరంభంలో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి చైనా మూలికల మాత్రలు వాడిన మహిళలలో అనేకమందికి మూత్రపిండాలు వేగంగా చెడిపోయాయి. 1993లో వైద్యులు దీనిని వెల్లడించారు. చివరికి సుమారు 100 మంది బాధితులని తేలింది. స్టెఫానియా టెట్రాండ్రా అనే మూలికకు బదులు, చైనా భాషలో పేరు దాదాపు అలాగే ఉండే అరిస్టోలోకియా ఫాంగ్చి ఆ మాత్రలలో చేరింది. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలకు నేరుగా విషం. వారిలో కొందరికి ఆ తరువాత మూత్రనాళాల క్యాన్సర్ కూడా వచ్చింది. గలిజేరులో ఆ విషం ఉందని నా ఉద్దేశం కాదు. మందు మొక్కను వాడేటప్పుడు అది ఏ మొక్క అన్నది తేల్చుకోకపోతే మూల్యం ఎంత ఉంటుందో ఆ ఉదంతం చెబుతుంది. సంచులలో పొడిగా అమ్మే గలిజేరులో ఏ మొక్క ఉన్నదో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు, పొడి అయ్యాక వేరూ పువ్వూ ఆకు అడుగు భాగమూ ఏవీ మిగలవు కనుక.

మరి తెలిసినవారికి తగ్గిందంటున్నారే అని మీరు అడగవచ్చు. వారు అబద్ధం చెబుతున్నారని నేను అనుకోను. వాంతులూ విరేచనాల వల్లనో, నొప్పి మాత్రల వల్లనో, మూత్రనాళ ఇన్ఫెక్షన్ వల్లనో క్రియాటినిన్ హఠాత్తుగా పెరిగినప్పుడు, కారణం తొలగితే కొద్ది వారాలలో దానంతట అదే చాలావరకు దిగుతుంది. ఆ వారాలలో తాగిన రసానికి ఆ ఘనత దక్కుతుంది. రసం మొదలుపెట్టినవారు సాధారణంగా అదే సమయంలో ఉప్పు, మాంసం, నొప్పి మాత్రలు కూడా మానేస్తారు. వాటి మేలు తక్కువదేమీ కాదు. జబ్బు ముదిరి, తిండి తగ్గి, కండ కరిగిన మనిషిలో కూడా క్రియాటినిన్ తగ్గినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే అది కండరాల నుంచే పుడుతుంది. కాగితం మీద అంకె తగ్గుతుంది, రోగి మాత్రం ఇంకా క్షీణిస్తూ ఉంటాడు. పునర్నవ మీద జంతువులలోనూ, కొద్దిమంది రోగులలోనూ జరిగిన అధ్యయనాలు ఆశాజనకంగానే ఉన్నాయి. నాలుగు, ఐదు దశల రోగులకు డయాలసిస్ తప్పిస్తుందని రుజువు చేసిన పెద్ద అధ్యయనం మాత్రం గలిజేరు మీద కాని, అటికమామిడి మీద కాని లేదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఈ విషయం మరింత బాధ కలిగిస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో ఎన్నో ఏళ్లుగా మూత్రపిండాల జబ్బు కుటుంబాలను కుంగదీస్తోంది. నిరాశలో ఉన్నవారి దగ్గరికి ఆకు మందులు త్వరగా చేరుతాయి. అక్కడ కనిపించే జబ్బు ప్రధానంగా మూత్రపిండాలలోని సూక్ష్మనాళికలకు, వాటి చుట్టూ ఉండే కణజాలానికి సంబంధించినది. మూత్రంలో ప్రొటీన్ అంతగా పోదు. వాపు కూడా చాలాకాలం కనిపించదు. వాపును లాగడానికి పనికివచ్చే మొక్కను, వాపే లేని జబ్బుకు వాడాలనడానికి ఆయుర్వేద తర్కంలోనూ ఆధారం లేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఆ ప్రాంతంవారు ఎవరైనా ఇది చదువుతుంటే ముందుగా అక్కడ పరీక్షలు చేయించుకోవాలని కోరుతున్నాను.

మీ నాన్నగారి విషయంలో ఇప్పుడు చేయవలసినవి ఉన్నాయి. నాలుగవ దశ అంటే చేతులెత్తేయవలసిన దశ కాదు. చక్కెర, రక్తపోటు అదుపులో ఉంటే ఈ దశలోనే ఏళ్ల తరబడి నిలబడినవారు ఉన్నారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు ఇంట్లో ఉండనే కూడదు. ఉప్పు తగ్గించడం కోసమని సోడియం తక్కువ ఉప్పు కొనవద్దు. అందులో సోడియం స్థానంలో వేసేది పొటాషియం క్లోరైడే. ముందు ముందు డయాలసిస్ అవసరం పడవచ్చని వైద్యుడు భావిస్తే, చేతిలో ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ధమనినీ సిరనూ కలిపే చిన్న శస్త్రచికిత్స) పెట్టించుకోవడం గురించి ఇప్పుడే మాట్లాడండి. అది వాడకానికి సిద్ధం కావడానికి నెలా రెండు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. రసాల మీద నమ్మకంతో మందులు మానేసి, ఊపిరితిత్తులలో నీరు చేరాక అర్ధరాత్రి అత్యవసరంగా మెడలో గొట్టం పెట్టి డయాలసిస్ చేయించుకోవలసి వచ్చినవారిని చాలామందిని చూశాను. వారికి జరిగిన నష్టంలో రసం చేసిన కీడు ఒక భాగమైతే, పోగొట్టుకున్న కాలం అంతకు మించిన భాగం.

ఆయుర్వేద వైద్యం కూడా తీసుకోవాలన్న కోరిక ఉంటే దానిని నేను కాదనను. అయితే ఆ వైద్యుడూ నెఫ్రాలజిస్టూ ఇద్దరూ ఒకే పరీక్ష కాగితాలు చూడాలి, ఇద్దరికీ రెండు రకాల మందులూ తెలిసి ఉండాలి. పునర్నవాసవం తీపి వేసి పులియబెట్టినది, అందులో సహజంగా పుట్టిన మద్యం ఉంటుంది. మధుమేహ రోగికి తగదు. పునర్నవ మండూరంలో మండూర భస్మం, అంటే ఇనుప చిట్టెం భస్మం ఉంటుంది. దానిని రక్తంలో ఇనుము పరిస్థితి చూడకుండా ఇవ్వకూడదు. తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, ద్రవ్యాల జాబితా లేని పొట్లాలను ఎవరిచ్చినా తీసుకోవద్దు.

ఇక ఇంట్లో మిగతావారి సంగతి. వారికి మూత్రపిండాల జబ్బు, మూత్రంలో రాళ్లు లేకపోతే గలిజేరును కూరగా నిస్సంకోచంగా తినవచ్చు. మెట్ట పొలాల ఆడవారు కలుపు తీస్తూ కొంగులో వేసుకుని వచ్చి వండిన కూర ఇది. ఏ ఖర్చూ లేకుండా పేదింటి పళ్లెంలోకి చేరిన ఆకుకూర. అది ఈ రోజు పరగడుపు రసంగా మారి చెడ్డపేరు తెచ్చుకోకూడదని నా తపన. జహీరాబాదు దగ్గరి పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఇటువంటి సాగు చేయని కూరలను గ్రామ మహిళల సాయంతో నమోదు చేసింది. తెల్ల గర్జెల, అటికె మామిడి, తుమ్మికూర, గునుగు, పొన్నగంటి వంటివి వాటిలో ఉన్నాయి. కేరళలో అటికమామిడిని తళుతామ అంటారు. దాని లేత ఆకులతో కొబ్బరి వేసి తోరన్ చేసుకుంటారు.

తెచ్చుకునే చోటు విషయంలో మాత్రం పూర్వంకన్నా జాగ్రత్త అవసరం. మొక్కజొన్న, పత్తి, ఉల్లి చేలలో గలిజేరు మొండి కలుపు కనుక దాని మీదే కలుపు మందులు కొడుతున్నారు. మందు కొట్టిన చేలోను, కొట్టిన గట్టు మీద, మురుగు పారే చోట, పెద్ద రోడ్ల పక్కన కోయవద్దు. యూరియా ఎక్కువగా చల్లిన చేలో పెరిగిన ఆకులో నైట్రేట్ కూడా ఎక్కువగా పేరుకుంటుంది. పూత రాకముందే లేత కొసలు తుంచుకోవాలి. ముదిరిన ఆకు విరేచనాలు తెస్తుంది. తుంచిన ఆకును మూడు నాలుగు నీళ్లలో కడిగి, నిండా నీళ్లు పోసి మూత లేకుండా ఉడికించి, ఆ నీటిని పారబోయాలి. నీటిలో కరిగే ఆక్సలేట్, పొటాషియం చాలావరకు దానితోనే పోతాయి. పోషకాలు పోతాయని ఆ నీటితో చారు పెట్టే అలవాటు ఈ ఒక్క కూరకు వద్దు. ఆ తరువాత పెసరపప్పులోనో కందిపప్పులోనో కలిపి, వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు పెడితే సరిపోతుంది. అదే భోజనంలో పెరుగో మజ్జిగో ఉంటే మంచిది. మిగిలిన ఆక్సలేట్‌ను అందులోని కాల్షియం పేగులోనే పట్టి ఉంచుతుంది. వారానికి ఒకటి రెండుసార్లు, మిగతా ఆకుకూరలతో మార్చి మార్చి వండుకోండి. గర్భిణులకు గలిజేరు, అటికమామిడి వేర్ల కషాయాలు, పొడులు ఇవ్వకూడదు.

మీ నాన్నగారికి ఇదే పప్పు పెట్టవచ్చునా అంటే, ఇప్పుడు వద్దు. రేపటి పరీక్షలో పొటాషియం ఎంత వచ్చినా, అది 5 కంటే దిగువకు వచ్చి కొన్ని నెలలు అక్కడే నిలిచాక, డైటీషియన్ ఆ వారపు కూరల లెక్కలో చోటు ఉందని చెబితే, ఆక్సలేట్ తక్కువగా ఉండే వేరే ఆకుకూరను వార్చి, చిన్న గరిటెడు పెట్టండి. గలిజేరును, గంగపాయలను ఆయన పళ్లెంలోకి రానివ్వవద్దు. పరీక్ష కాగితం చేతికి వచ్చాక పొటాషియం, బైకార్బొనేట్, హిమోగ్లోబిన్ అంకెలు, ప్రస్తుతం వాడుతున్న మాత్రల పేర్లూ మోతాదులూ రాయండి. ఆయన రోజువారీ భోజనంలో ఇంకా ఏవి మార్చాలో వాటిని చూసి చెబుతాను.